ఇస్తిఖారాలో మనం నిజంగా అడిగేది ఏమిటి?

నా చెల్లెలికి వచ్చిన ఒక సంబంధం దాదాపు ఖాయమయ్యే దశలో ఆగిపోయింది. రెండు కుటుంబాలూ రెండుసార్లు కలిసి మాట్లాడుకున్నాయి. అమ్మాయీ అబ్బాయీ ఒకరినొకరు చూసుకుని ఇష్టపడ్డారు. మహర్ (పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇచ్చే సొమ్ము) ఎంత అన్న మాట కూడా పెద్దల మధ్య వచ్చింది. ఆ తరువాత పది రోజులకు అవతలివారి నుంచి ఫోను వచ్చింది. "ఇస్తిఖారా తీయించాం, మంచిగా రాలేదు, మన్నించండి" అన్నారు. ఒక పని తలపెట్టినప్పుడు అందులో మేలు కోసం అల్లాహ్‌ను వేడుకునే ప్రార్థననే ఇస్తిఖారా అంటారు. ఎదురుప్రశ్న వేయడానికి వీలులేని సమాధానం అది. కట్నకానుకల గురించో చదువు గురించో అభ్యంతరం చెప్పి ఉంటే మేమూ ఏదో ఒకటి చెప్పి ఉండేవాళ్లం. అల్లాహ్ పేరు మధ్యలోకి వచ్చాక ఇక మాట్లాడేది ఏముంటుంది? ఆ రాత్రి నా చెల్లెలు నా దగ్గరికి వచ్చి, చాలా నెమ్మదిగా, "అన్నా, అల్లాహ్ వాళ్లకు నాలో ఏ చెడు చూపించాడు?" అని అడిగింది.

నా దగ్గర సమాధానం లేదు. ఆ మాట తప్పని నా మనసుకు తెలుస్తూనే ఉంది గాని ఎక్కడ తప్పో చెప్పగలిగేంత చదువు నాకు లేదు, ఎందుకంటే ఇస్తిఖారా అంటే నేను కూడా అదే అనుకునేవాడిని: రాత్రి పడుకునే ముందు రెండు రకాతుల (నమాజు భాగాల) నమాజు చదవాలి, దుఆ (వేడుకోలు) చేయాలి, ఎవరితోనూ మాట్లాడకుండా ఖిబ్లా (కాబా దిశ) వైపు తిరిగి పడుకోవాలి, కలలో తెలుపో పచ్చో కనిపిస్తే మంచిది, నలుపో ఎరుపో కనిపిస్తే చెడ్డది. ఈ నియమాలను నాకు ఎవరు నేర్పారో కూడా గుర్తు లేదు. అవి హదీసులో (ప్రవక్త మాటలనూ చేతలనూ తెలిపే కథనాల్లో) ఉన్నాయా లేదా అని ఎన్నడూ వెతకలేదు.

కొన్ని సంవత్సరాల తరువాత అదే అజ్ఞానం మా ఇంట్లో మరింత పెద్ద విషయంలో అడ్డం వచ్చింది. మా నాన్నగారి గుండెలో ఒక కవాటం బాగా ఇరుకైపోయింది. ఆపరేషన్ చేయకపోతే ఊపిరి ఆడని స్థితి నానాటికీ పెరుగుతుందని, చేస్తే ఆ వయసులో ప్రమాదం లేకపోలేదని డాక్టరు స్పష్టంగా చెప్పారు. నేను ఇస్తిఖారా మొదలుపెట్టాను. ఏడు రాత్రులు చదవాలని ఎక్కడో విన్నాను కాబట్టి ఏడు రాత్రులు చదివాను. నాలుగో రాత్రి కలలో చీకటి బావి ఒకటి కనిపించింది. తెల్లవారి ఆ సంగతి ఇంట్లో చెప్పగానే అందరి ముఖాలూ పాలిపోయాయి, ఆపరేషన్ మాట వాయిదా పడింది. మూడు వారాలు అలాగే గడిచిపోయాయి. ఆ మూడు వారాల గురించి నేను ఇప్పటికీ అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటూనే ఉన్నాను.

చివరకు చిన్నప్పుడు నాకు ఖుర్ఆన్ నేర్పిన మౌలానా గారి దగ్గరికి వెళ్లి కల సంగతి చెప్పాను. ఆయన కల గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "ఇంకో డాక్టరుకు చూపించారా బాబూ?" అని అడిగారు. లేదన్నాను. "దుఆ అర్థం తెలుసా?" అన్నారు. పూర్తిగా తెలియదన్నాను. ఆ తరువాత ఆయన అడిగిన మూడో ప్రశ్న గురించి చివర్లో చెబుతాను. ముందుగా ఆ రోజు ఆయన నాతో మాట మాట విడదీసి చదివించిన ఆ దుఆ గురించి రాయాలి, ఎందుకంటే నా వాదన మొత్తం ఆ దుఆలోనే ఉంది.

ప్రవక్త సహచరుడు జాబిర్ ఇబ్న్ అబ్దుల్లాహ్ (రజి) చెప్పిన, ఆ దుఆ ఉన్న హదీసును ఇమామ్ బుఖారీ తన హదీసు సంకలనమైన సహీహ్‌లో మూడు చోట్ల పొందుపరిచారు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తమకు ఖుర్ఆన్‌లోని సూరాను (అధ్యాయాన్ని) నేర్పినంత శ్రద్ధగా, అన్ని వ్యవహారాల్లోనూ ఇస్తిఖారా చేయడం నేర్పేవారని జాబిర్ అంటారు. "మీలో ఎవరైనా ఒక పని సంకల్పిస్తే, ఫర్జ్ (తప్పనిసరి) కాని రెండు రకాతుల నమాజు చేసి, ఆ తరువాత ఇలా వేడుకోవాలి" అని ప్రవక్త (స) చెప్పారు. ఆ వేడుకోలు "అల్లాహుమ్మ ఇన్నీ అస్తఖీరుక బిఇల్మిక" అని మొదలవుతుంది. ఓ అల్లాహ్, నీ జ్ఞానం ఆధారంగా నాకు మేలైనది కోరుతున్నాను, నీ శక్తి ఆధారంగా నాకు శక్తిని అర్థిస్తున్నాను, నీ మహత్తర అనుగ్రహాన్ని అడుగుతున్నాను. నీవు చేయగలవు, నేను చేయలేను. నీకు తెలుసు, నాకు తెలియదు. గోప్య విషయాలన్నీ ఎరిగినవాడవు నీవే. ఓ అల్లాహ్, ఈ పని నా ధర్మానికీ నా బతుకుతెరువుకూ నా వ్యవహారపు అంతిమ ఫలితానికీ మేలైనదని నీకు తెలిస్తే, దానిని నాకు రాసిపెట్టు, నాకు సులభం చెయ్యి, ఆ పైన అందులో నాకు బర్కత్ (శుభవృద్ధి) ప్రసాదించు. ఇది నా ధర్మానికీ బతుకుతెరువుకూ అంతిమ ఫలితానికీ కీడైనదని నీకు తెలిస్తే, దానిని నా నుండి మళ్లించు, నన్ను దాని నుండి మళ్లించు, మేలు ఎక్కడ ఉంటే అక్కడ దానిని నాకు రాసిపెట్టు, ఆ పైన దానితో నన్ను సంతృప్తిపరచు.

ఇంతే. ఇందులో "నాకు చూపించు" అన్న మాట లేదు. "నాకు తెలియజేయి" అన్న మాట లేదు. కల లేదు, రంగు లేదు, నిద్ర లేదు, ఏడు రాత్రుల లెక్క లేదు, ఇషా (రాత్రి నమాజు) తరువాతే చేయాలన్న షరతు లేదు. నఫిల్ (ఐచ్ఛిక) నమాజు చేయకూడని వేళలు తప్ప మిగతా ఏ వేళలోనైనా చేయవచ్చు. నమాజు చేయలేని రోజుల్లో ఉన్న స్త్రీ దుఆ మాత్రం చేసుకోవచ్చు. అన్ని క్రియాపదాలనూ మరొకసారి చూడండి: రాసిపెట్టు, సులభం చెయ్యి, బర్కత్ ఇవ్వు, మళ్లించు, సంతృప్తిపరచు. ఈ దుఆ చేసే మనిషి అల్లాహ్‌ను సమాచారం అడగడం లేదు, ఒక కార్యం చేసిపెట్టమని అడుగుతున్నాడు. "నీకు తెలుసు, నాకు తెలియదు" అని ఒప్పుకున్న తరువాత "నీకు తెలిసింది నాకు కూడా చెప్పు" అనకుండా, "నీకు తెలిసినదాని ప్రకారం నడిపించు" అంటున్నాడు. ఈ రెండు కోరికల మధ్య దూరం నాకు నలభై ఏళ్ల వయసు వచ్చేవరకు అర్థం కాలేదు.

హదీసులోని మొదటి షరతు కూడా ఆలోచించదగినది. "ఎవరైనా ఒక పని సంకల్పిస్తే" అన్నచోట ఉన్న అరబీ మాట "హమ్మ". మనసులో ఉద్దేశం ఏర్పడి అడుగు అటువైపు పడబోతున్న స్థితి అది. దుఆలో కూడా "ఈ పని" అని ఒక్కదాన్నే ప్రస్తావిస్తాం, "ఈ రెండింటిలో ఏది" అని అడగం. అంటే ఆలోచించవలసినదంతా ఆలోచించి, విచారించవలసినదంతా విచారించి, ఒకవైపు మొగ్గిన తరువాత చేసే ప్రార్థన ఇది. ఏ ఆలోచనా చేయకుండా ఖాళీ మనసుతో ముసల్లా (నమాజు చాప) మీద నిలబడి "ఏం చేయమంటావు?" అని అడిగేవాడు హదీసు చెప్పిన మెట్టును వదిలేసి పై మెట్టు మీద కాలు పెడుతున్నాడు. ఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరాలో ప్రవక్తకు ఇచ్చిన ఆదేశంలోనూ వరుస ఇదే: "వ్యవహారాలలో వారిని సంప్రదించు, నిర్ణయం తీసుకున్న తరువాత అల్లాహ్‌పై భారం మోపు" (3:159). సంప్రదింపు, నిర్ణయం, తవక్కుల్ (అల్లాహ్‌పై భరోసా). వహీ (దైవవాణి) అందుకునే మనిషికే సంప్రదించమని ఆజ్ఞ వచ్చినప్పుడు, కల అందుకుందామని చూసే మనకు ఆ బాధ్యత తప్పుతుందా?

ఇక్కడ నేను కొంచెం కఠినంగా మాట్లాడక తప్పదు. ఇస్లాంకు ముందు అరబ్బులు ప్రయాణానికో పెళ్లికో యుద్ధానికో బయలుదేరే ముందు బాణాలతో శకునం చూసేవారు. వాటిని "అజ్లామ్" అంటారు. ఒక బాణం మీద "చెయ్యి" అనీ మరొకదాని మీద "వద్దు" అనీ గుర్తులు ఉండేవి. కాబాలోని హుబల్ విగ్రహం ముందు ఆ బాణాలు తీయించేవారు. ఖుర్ఆన్ మాయిదా సూరాలో రెండు చోట్ల (5:3, 5:90) దీనిని నిషేధించింది. క్రీ.శ. 630లో మక్కా విజయం నాడు కాబా లోపల ఇబ్రాహీమ్, ఇస్మాయీల్ ప్రవక్తల చేతుల్లో ఆ బాణాలు ఉన్నట్లు గీసిన బొమ్మలను చూసి ప్రవక్త (స) మండిపడ్డారు. వారిద్దరూ ఎన్నడూ ఆ బాణాలతో జోస్యం చూడలేదని అన్నారు. ఇస్లామీ పండితుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం 1350) చెప్పినట్లు, పక్షుల కదలికలతో శకునం చూడటానికీ బాణాలు తీయడానికీ బదులుగా ఈ సమాజానికి ఇవ్వబడినదే ఇస్తిఖారా. పాత అలవాటును తీసేసి దాని స్థానంలో తౌహీద్‌తో (ఏకదైవ విశ్వాసంతో), దాస్యంతో, తవక్కుల్‌తో నిండిన దుఆను పెట్టారు. మరి ఆ దుఆనే మళ్లీ శకునంగా మార్చి, నలుపు కనబడితే వద్దనీ పచ్చ కనబడితే సరేననీ నిర్ణయించడం మొదలుపెడితే, మనం ఎక్కడి నుంచి బయలుదేరామో అక్కడికే తిరిగి వెళ్లినట్లు కాదా? "ఇస్తిఖారా తీయించాం" అన్న మాటలో "తీయించడం" అనే క్రియ ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి ఆలోచించండి. దుఆను చేస్తారు, తీయరు. తీసేది చీటీలనూ బాణాలనూ.

కలలు నిరాధారమని నేను అనడం లేదు. విశ్వాసి కనే మంచి కల ప్రవక్తృత్వంలో నలభై ఆరో వంతు అని సహీహ్ (ప్రామాణిక) హదీసే ఉంది. కాని అదే ప్రవక్త (స) కలలు మూడు రకాలనీ, అల్లాహ్ నుండి వచ్చే శుభవార్త ఒకటి, షైతాన్ నుండి వచ్చే వేదన ఒకటి, మనిషి తనతో తాను మాట్లాడుకునే మాటలు ఒకటి అనీ చెప్పారు. తండ్రి గుండెను కోస్తారన్న భయంతో ఏడు రాత్రులు పడుకున్నవాడికి చీకటి బావి కనిపిస్తే అది ఆ మూడింటిలో ఏ రకమో చెప్పగల శక్తి ఎవరికి ఉంది? నాకైతే ఇప్పుడు అనుమానం లేదు, అది నా భయమే. దానికి నేను అల్లాహ్ ముద్ర వేశాను.

షియా సంప్రదాయంలో తస్బీహ్ (జపమాల) గింజలతోనూ ఖుర్ఆన్ తెరిచి చూడటంతోనూ ఇస్తిఖారా చేసే పద్ధతులు ఉన్నాయి. 13వ శతాబ్దపు విద్వాంసుడు సయ్యద్ ఇబ్న్ తావూస్ ఇస్తిఖారా మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. వారి ఆధారాలు వారికి ఉన్నాయి, వాటిపై తీర్పు చెప్పడం నా పని కాదు. నేను మాట్లాడుతున్నది జాబిర్ హదీసును ప్రమాణంగా తీసుకుంటూ, అందులో లేనిదాన్ని ఆచరిస్తున్న మా వంటివారి గురించి.

ఇక అసలైన అభ్యంతరానికి వద్దాం. "మరి ఇమామ్ నవవీ అంతటివారు, ఇస్తిఖారా తరువాత మనసు ఎటు విశాలమైతే అటు నడవమన్నారు కదా?" అని నన్ను అడిగినవారు ఉన్నారు. నిజమే, హదీసు పండితుడు నవవీ (మరణం 1277) అలా అన్నారు. అయితే ఆయనే మరో మాట కూడా జోడించారు: ఇస్తిఖారాకు ముందే తనకు బలమైన కోరిక ఉన్న విషయంలో ఆ మొగ్గును నమ్మకూడదు, తన ఇష్టాన్ని పూర్తిగా వదులుకోవాలి, లేకపోతే అతడు అల్లాహ్‌ను కాక తన కోరికనే మేలు అడిగినవాడవుతాడు. బుఖారీ సహీహ్‌కు వ్యాఖ్యానం రాసిన ఇబ్న్ హజర్ అస్ఖలానీ (మరణం 1449) కూడా ఈ జాగ్రత్తనే నొక్కి చెప్పారు. ఏడుసార్లు చేసి మనసులోకి మొదట వచ్చినదాన్ని చూడమని ప్రవక్త సహచరుడు అనస్ (రజి) పేరుతో చెప్పే కథనాన్ని అందించినవారి పరంపర చాలా బలహీనమైనదని తేల్చారు. నా ఏడు రాత్రుల మూలం ఆ బలహీన కథనమేనని అప్పుడు తెలిసింది. వీరికి ముందే పండితుడు ఇజ్జుద్దీన్ ఇబ్న్ అబ్దుస్సలామ్ (మరణం 1262), ఇస్తిఖారా తరువాత మనిషి తనకు వీలైనది చేసుకుపోవాలనీ జరిగేదే మేలనీ అన్నారు. మరో పండితుడు ఇబ్నుజ్ జమ్లకానీ అయితే మనసు విప్పారినా విప్పారకపోయినా తనకు సబబుగా తోచింది చేయాలనీ, హదీసులో మనసు విప్పారడమన్న షరతే లేదనీ ఇంకా స్పష్టంగా అన్నారు. నాకు ఈ చివరి ఇద్దరి మాట దుఆలోని పదాలకు మరింత దగ్గరగా కనిపిస్తుంది. సులభం చేయమనీ మళ్లించమనీ అడిగినవాడికి సమాధానం దారిలోనే ఎదురవుతుంది: దారి తెరుచుకోవడమే సమాధానం, మూసుకుపోవడమూ సమాధానమే. నడవనివాడికి దారి తెరిచి ఉందో మూసి ఉందో ఎలా తెలుస్తుంది?

సహాబాల (ప్రవక్త సహచరుల) ఆచరణ కూడా ఇలాగే ఉంది. క్రీ.శ. 632లో ప్రవక్త (స) పరమపదించినప్పుడు సమాధిని ఎలా తవ్వాలన్న ప్రశ్న వచ్చింది. మదీనాలో పక్కకు గూడులా తొలిచే లహద్ పద్ధతిలో తవ్వేవారు ఒకరు, నేరుగా తవ్వేవారు ఒకరు ఉండేవారు. అనస్ (రజి) కథనాన్ని ఇబ్న్ మాజా నమోదు చేశారు: "మన ప్రభువును ఇస్తిఖారా వేడుకుందాం, ఇద్దరికీ కబురు పంపుదాం, ఎవరు ముందు వస్తే వారితో చేయిద్దాం" అన్నారు. లహద్ తవ్వే ఆయన ముందు వచ్చారు. అంతటి దుఃఖంలో, అంతటి పెద్ద విషయంలో, వారు ఎవరి కల కోసమూ ఆగలేదు. వేడుకున్నారు, ఆ వెంటనే ఇద్దరికీ మనిషిని పంపారు. అలాగే ప్రవక్త సున్నత్‌లను (ఆచరణ పద్ధతులను) గ్రంథస్థం చేయాలని ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) అనుకున్నప్పటి సంగతిని ఉర్వా ఇబ్న్ జుబైర్ చెప్పారు. ఉమర్ (రజి) ముందుగా సహాబాలను సంప్రదించారు, వారు రాయమన్నారు, ఆ తరువాత ఒక నెల రోజులు ఇస్తిఖారా చేస్తూ ఉన్నారు, చివరకు రాయకూడదని నిర్ణయించారు. నెల తరువాత ఆయన ప్రజల ముందుకు వచ్చి చెప్పినది కల గాని సంకేతం గాని కాదు, ఒక కారణం: పూర్వం కొందరు గ్రంథాలు రాసుకుని వాటిలో మునిగిపోయి అల్లాహ్ గ్రంథాన్ని వదిలేశారని గుర్తొచ్చింది, అల్లాహ్ గ్రంథంతో దేనినీ కలపను అన్నారు. నెల రోజుల ఇస్తిఖారా ఆయన ఆలోచనను ఆపలేదు, పదును పెట్టింది. ఇతరులు తర్కించడానికి వీలున్న కారణాన్ని ఆయన బయట పెట్టారు. మా ఇంటికి వచ్చిన ఫోనులో లేనిది సరిగ్గా అదే.

పెళ్లి విషయంలో సంప్రదింపు ఎలా ఉండాలో తెలియాలంటే ఫాతిమా బిన్త్ ఖైస్ (రజి) సంఘటన చదవాలి. ఆమెకు ముఆవియా, అబూ జహమ్ ఇద్దరూ పెళ్లి ప్రస్తావన పంపారు. ఆమె ప్రవక్త (స) సలహా కోరారు. ఆయన రాత్రి కలలో చూసి చెబుతాననలేదు. అబూ జహమ్ భుజం మీద నుంచి కర్ర దించడనీ, ముఆవియా ఆస్తిపాస్తులు లేని పేదవాడనీ, తన సహచరుడు ఉసామాను పెళ్లి చేసుకోమనీ ఉన్నదున్నట్లు చెప్పారు. ఆమెకు మొదట ఆ సలహా నచ్చలేదు, తరువాత ఒప్పుకున్నారు, అల్లాహ్ ఆ వివాహంలో మేలు పెట్టాడనీ, ఇతరులు తనను చూసి అసూయపడేవారనీ ఆమే చెప్పుకున్నారు. కర్ర దించని మనిషి అన్న సమాచారం ఒక స్త్రీ జీవితాన్ని కాపాడగలదు. అటువంటి సమాచారం కనుక్కోవడానికి నలుగురినీ అడిగే ఓపిక లేక కల మీద ఆధారపడితే, కొట్టేవాడు పచ్చరంగు కలలో దాక్కుని ఇంట్లోకి రావచ్చు, యోగ్యుడు నల్లరంగు కలలో పడి వాకిట్లోంచే వెనుదిరగవచ్చు.

ఇతరులతో చేయించడం అన్నది నన్ను అన్నింటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం. ఫోనులో పేరూ తల్లి పేరూ చెబితే ఇస్తిఖారా చూసి చెబుతామనే వారు ఉన్నారు, వారిని నమ్మి నిర్ణయాలు తీసుకునే విశ్వాసులు ఉన్నారు. ఒకరి కోసం ఒకరు దుఆ చేయడం ఎప్పుడూ మంచిదే. కాని ఈ దుఆ "నా ధర్మానికి, నా బతుకుతెరువుకు, నా అంతిమ ఫలితానికి" అంటుంది. నీకు తెలుసు, నాకు తెలియదు అని ఒప్పుకోవలసిన నోరు ఎవరిది? నిర్ణయం ఎవరిదో వారిది. జైనబ్ బిన్త్ జహ్ష్ (రజి) వద్దకు ప్రవక్త (స) తరఫున పెళ్లి ప్రస్తావన తెచ్చిన జైద్ (రజి) ఆమె పిండి కలుపుతుండగా చేరుకున్నారని సహీహ్ ముస్లిం అనే హదీసు సంకలనంలో ఉంది. వచ్చిన సంబంధం దైవప్రవక్తది. ఇందులో ఆలోచించేది ఏముంటుందని మనం అనుకుంటాం. "నా ప్రభువును సంప్రదించనిదే నేను ఏమీ చేయను" అని చెప్పి ఆమె తన నమాజు స్థలంలో నిలబడ్డారు. ఎంత స్పష్టంగా మేలైన విషయంలోనైనా ఇస్తిఖారా చేయడం మంచిదనడానికి ఇది ఆధారమని నవవీ ఇక్కడ రాశారు. నాకు ఇందులో మరొకటి కనిపిస్తుంది. మదీనాలో సాక్షాత్తు ప్రవక్తే ఉండగా, ఎందరో పుణ్యపురుషులు ఉండగా, ఆమె "నా కోసం ఇస్తిఖారా చేసిపెట్టండి" అని ఎవరినీ అడగలేదు. పిండి కలుపుతున్నదల్లా తానే లేచారు.

నా చెల్లెలికి ఇవ్వవలసిన సమాధానం నాకు దొరకడానికి ఇన్నేళ్లు పట్టింది. అల్లాహ్ వాళ్లకు నీలో ఏ చెడూ చూపించలేదమ్మా, ఆ దుఆలో చూపించమనే అడగరు. వాళ్లు సక్రమంగా దుఆ చేసి ఉంటే కూడా "ఈ పని నాకు కీడైతే" అనే అంటారు, "ఈ అమ్మాయి చెడ్డదైతే" అనరు. ఒకరికి ఒకరు సరిపడకపోవడం ఇద్దరిలో ఎవరి మీదా మచ్చ కాదు. మనుషులు తమ భయానికో అయిష్టానికో పేరు పెట్టే ధైర్యం లేక అల్లాహ్ పేరు చాటున నిలబడ్డారు. ఇలా నేను చెప్పినప్పుడు ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, "ఇన్నేళ్లూ నమాజులో నిలబడినప్పుడల్లా ఆ ప్రశ్న నాకు అడ్డం వచ్చేది అన్నా" అంది. కాబట్టి ఇస్తిఖారా చేసి ఎవరైనా ఒక సంబంధాన్నో ఉద్యోగాన్నో భాగస్వామ్యాన్నో వద్దనుకుంటే, దయచేసి "మేం నిర్ణయించుకున్నాం" అని చెప్పండి. నిర్ణయం మీది. అల్లాహ్‌తో మీరు మాట్లాడుకున్నది మీ దగ్గరే ఉంచుకోండి.

మౌలానా గారి మూడో ప్రశ్న గురించి చెబుతానన్నాను. దుఆ అంతా చదివించిన తరువాత ఆయన, "మీ నాన్నగారు ఇస్తిఖారా చేశారా?" అని అడిగారు. నేను నోరు తెరవలేకపోయాను. గుండె ఆయనది, కోత ఆయనకు, ప్రాణం ఆయనది. ఏడు రాత్రులూ నేను లేచి చదివాను గాని ఆయనను ఒక్క మాట అడగలేదు. ఆపరేషన్ సంగతిని కూడా సగమే చెప్పాం, భయపడతారని.

మరుసటి రోజు మరో డాక్టరుకు చూపించాం. ఆయనా ఆపరేషన్ అవసరమే అన్నారు, ఆలస్యం కొద్దీ ప్రమాదం పెరుగుతుందన్నారు. ఆ సాయంత్రం నాన్నగారి మంచం పక్కన కూర్చుని ఇద్దరు డాక్టర్లూ చెప్పినదంతా ఏదీ దాచకుండా చెప్పాను. ఆయన విన్నారు. వుజూకు (నమాజుకు ముందు చేసే శుద్ధికి) నీళ్లు తెమ్మన్నారు. నిలబడే శక్తి లేక కుర్చీలో కూర్చునే రెండు రకాతులు చేసి, దుఆ కంఠతా రాకపోవడంతో నేను ఒక్కొక్క మాట చెబుతుంటే ఒక్కొక్క మాట పలికారు. "ఈ పని" అన్నచోట ఆగి తన ఛాతీ మీద చేయి వేసుకున్నారు. చివర్లో "సుమ్మ అర్జినీ బిహీ" అని నేను చెప్పగానే అర్థం అడిగారు. "ఆ పైన దానితో నన్ను సంతృప్తిపరచు" అని చెప్పాను. "రెండో సగంలోనే ఉందేం, మేలైతే అన్నచోట లేదే?" అన్నారు. ఆ తేడాను నేను అప్పటివరకు గమనించలేదు. కోరుకున్నది దక్కినవాడికి సంతృప్తిని వేరుగా అడగవలసిన పని లేదు కాబట్టి కాబోలు, మళ్లించబడినవాడి కోసమే ఆ మాట పెట్టారు. "దానిని నా నుండి మళ్లించు, నన్ను దాని నుండి మళ్లించు" అని రెండుసార్లు అడగడం కూడా ఇందుకేనేమో: వస్తువు దూరమైనా మనసు దాని చుట్టే తిరుగుతూ ఉంటుంది. ఆయన "చేయించుకుంటాను" అన్నారు.

ఆపరేషన్ జరిగింది. కవాటం బాగానే పని చేసింది, మూత్రపిండాలు తట్టుకోలేకపోయాయి. పన్నెండో రోజు ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఇస్తిఖారా చేసి కూడా ఇలా జరిగిందేమిటని నన్ను అడిగినవారు ఉన్నారు, నేను కూడా నన్ను అడుగుకున్నాను. మూడు వారాలు ఆలస్యం చేయకుండా ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. "మీకు ఇష్టం లేనిది మీకు మేలైనది కావచ్చు, మీకు ఇష్టమైనది మీకు కీడైనది కావచ్చు; అల్లాహ్‌కు తెలుసు, మీకు తెలియదు" (2:216) అన్న ఖుర్ఆన్ ఆయతును (వాక్యాన్ని) నేను వందసార్లు చదివాను. చదివినంత సులువుగా అది లోపలికి దిగదు.

అమ్మ ఇద్దత్‌లో (భర్త పోయిన స్త్రీ పాటించే నిరీక్షణ కాలంలో) ఉన్న రోజుల్లో ఒక తెల్లవారుజామున ఆమె గది ముందు నుంచి వెళుతూ ఆగిపోయాను. ఫజ్ర్ నమాజుకు (తెల్లవారుజాము నమాజుకు) ఇంకా వేళ కాలేదు. ముసల్లా మీద కూర్చుని చేతులు చాచి ఏదో అంటోంది. దుఆ మొత్తం ఆమెకు రాదు. నాన్నగారు చేసిన రోజున గుమ్మంలో నిలబడి విన్నది అంతే. చివరి మాట ఒక్కటి పట్టుకుంది, అదే అంటోంది: సుమ్మ అర్జినీ బిహీ, సుమ్మ అర్జినీ బిహీ.